ఇంజను బిగించిన సైకిలుకు కోస్టర్ బ్రేకు: ఏ గ్రీజు నింపాలి, ఎప్పుడు హబ్బునే మార్చాలి

పోయిన వేసవి చివర్లో నా సైకిలు వెనక హబ్బు విప్పి చూస్తే లోపల గ్రీజు అనదగినదేమీ మిగల్లేదు. బ్రేకు షూల గాడుల్లో తారులా గట్టిపడి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడివచ్చే నల్లటి పొర మాత్రం ఉంది. అంతకు రెండు నెలల ముందు ఆ హబ్బులో గ్రీజు నింపింది నేనే. సైకిలు బేరింగులకని అమ్మే మామూలు గ్రీజు అది. కాళ్లతో తొక్కినన్నాళ్లూ ఏడాదికోసారి నింపితే చాలేది. అదే సైకిలుకు ఇంజను బిగించాక ఎనిమిది వారాలకే మాడిపోయింది. ఆ తరవాత నాలుగు రకాల గ్రీజులు వాడి చూశాను, వాటి గురించి దొరికిన సాంకేతిక వివరాలన్నీ చదివాను. అలా తేల్చుకొన్న విషయాలను, ఇదే సందిగ్ధంలో ఉన్నవారికి పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో బీచ్ క్రూయిజర్ సైకిలు కొని, దానికి 48 లేదా 66 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను కిట్టు బిగించుకొన్నవారిని ఉద్దేశించి రాస్తున్నాను. 80 సీసీ పేరుతో అమ్మే కిట్లలో చాలావాటి అసలు పరిమాణం 66 సీసీయే గనక వారూ ఇందులోకే వస్తారు. మన ఊళ్లలో సైకిళ్లకు ఎక్కువగా రాడ్డు బ్రేకులే కాబట్టి, పెడలు వెనక్కి తొక్కితే పడే ఈ కోస్టర్ బ్రేకు మనలో చాలామందికి ఇక్కడికి వచ్చాకే పరిచయమవుతుంది. చేతిదగ్గర మీట ఉండదు, కేబులు ఉండదు, బయటికి కనిపించే భాగమల్లా ఎడమవైపు చట్రానికి పట్టీతో బిగించిన ఒక ఇనుప చెయ్యి మాత్రమే. ఏమీ కనిపించదు గనక చూసుకోవలసిందేమీ లేదనిపిస్తుంది. ఇంజను పెట్టిన రోజు నుంచి ఆ ధీమా పనికిరాదు.

## హబ్బు లోపల ఏం జరుగుతుంది

గ్రీజు ఎంపిక అర్థం కావాలంటే లోపలి పనితీరు కొంత తెలియాలి. పెడలు ముందుకు తొక్కినప్పుడు, కుడివైపు డ్రైవరు (పెడలు చైను తిప్పే భాగం) మరల మీద క్లచ్ కోను అనే శంకువు ఆకారపు ముక్క కుడికి జరిగి, హబ్బు గోడలో మేకులా బిగుసుకొని చక్రాన్ని తిప్పుతుంది. వెనక్కి తొక్కితే అదే కోను ఎడమకు జరిగి, బ్రేకు షూల వాలు అంచుల కిందికి దూరి వాటిని బయటికి నెడుతుంది. షూలు హబ్బు లోపలి ఉక్కు గోడను ఒరుసుకొంటాయి. షూలు చక్రంతోపాటు తిరిగిపోకుండా ఆపేది ఎడమవైపు బ్రేకు కోను. ఆ కోనును తిరగకుండా పట్టి ఉంచేది బయట ఉన్న ఇనుప చెయ్యి. క్లచ్ కోను ఊరికే గిర్రున తిరగకుండా పక్కకు జరిగేటట్టు చేయడానికి చిన్న రిటార్డరు స్ప్రింగు ఒకటి ఉంటుంది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఇక్కడ రబ్బరు లేదు, బ్రేకు లైనింగు లేదు. లోహం లోహాన్నే ఒరుసుకొంటుంది. మిగతా బ్రేకులకు గ్రీజు తగిలితే ప్రమాదం. ఈ బ్రేకుకు గ్రీజు లేకపోతే ప్రమాదం. పొడిబారిన కోస్టర్ బ్రేకు మొదట కీచుమంటుంది, తరవాత అదురుతుంది, చివరికి కొద్దిగా తొక్కినా ఒక్కసారిగా పట్టేసి చక్రాన్ని బిగించేస్తుంది. కాళ్లతో తొక్కే వేగంలో చక్రం బిగుసుకొంటే టైరు ఈడ్చుకుపోతుంది, అంతే. 40 కిలోమీటర్ల వేగంలో, మలుపులో బిగుసుకొంటే మనిషి కింద పడతాడు.

## ఇంజను వచ్చాక మారేది

సైకిలు, ఇంజను, మనిషి కలిపి 110 కిలోలనుకొందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే బ్రేకు మింగవలసిన శక్తి సుమారు 1,700 జౌళ్లు. 40 కిలోమీటర్ల నుంచి ఆగితే సుమారు 6,800 జౌళ్లు. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. 100 మీటర్ల ఎత్తున్న గుట్ట మీది నుంచి వెనక బ్రేకు ఒక్కదానితోనే దిగితే, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, లక్షా ఎనిమిది వేల జౌళ్లు. అంటే 40 కిలోమీటర్ల వేగం నుంచి 16 సార్లు ఆగినంత. ఈ వేడి అంతా ఒక కిలో ఉక్కులోకి పోయి బయటికి ఏమీ పోలేదనుకొంటే, ఆ ఉక్కు వేడి 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరుగుతుంది. నిజానికి కొంత వేడి గాలిలోకి, ఊచల్లోకి పోతుంది. అయినా మామూలు గ్రీజు ఎందుకు మాడుతుందో ఈ లెక్క చెబుతుంది.

అమెరికా సమాఖ్య భద్రతా నిబంధనల్లో కాలి బ్రేకు సైకిలును పరీక్షించే వేగం గంటకు 16 కిలోమీటర్లు. అక్కడి నుంచి 4.57 మీటర్ల లోపు ఆగాలి. ఆ హబ్బును అంతకు రెండున్నర రెట్ల వేగంతో వాడుతున్నామన్న మాట మనం మరిచిపోకూడదు.

ఇంజను లేకుండానే ఈ బ్రేకును మాడ్చినవారి కథ ఒకటి ప్రసిద్ధం. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాతకాలపు ష్విన్ క్రూయిజర్లను కొండదారుల్లో దింపేవారు. ఫేర్‌ఫాక్స్ పట్టణం దగ్గర ఒక మట్టిబాటలో, మూడు కిలోమీటర్లకు పైగా దూరంలో సుమారు 400 మీటర్లు దిగేసరికి హబ్బులో గ్రీజు పొగగా పోయేది. దిగిన ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపవలసి వచ్చేది గనక ఆ బాటకు రీప్యాక్ అనే పేరే స్థిరపడింది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పందెం జరిగింది. మౌంటెన్ బైకు పుట్టుకలో ఆ పందేలకు పెద్ద చోటు ఉంది. కాలితో తొక్కే సైకిలే అంత పని చేస్తే, ఇంజను బరువు, వేగం తోడైన మన సైకిలు సంగతి ఊహించుకోవచ్చు.

## ఎంచుకొనేముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది వేడి. గ్రీజు అంటే సబ్బులాంటి చిక్కటి పదార్థంలో పట్టి ఉంచిన నూనె. ఒక వేడి దాటాక ఆ పట్టు సడలి గ్రీజు బొట్లుగా కారుతుంది. డబ్బా మీదో, తయారీదారు వివరాల పత్రంలోనో డ్రాపింగ్ పాయింట్ పేరుతో ఇచ్చేది ఈ అంకెనే. దీన్ని వాడదగిన వేడి అనుకోవద్దు. గ్రీజు రోజూ తట్టుకొనే వేడి దీనికి ఎన్నో డిగ్రీలు తక్కువగా ఉంటుంది.

రెండోది, షూల మధ్య నలిగినప్పుడు పొర నిలుస్తుందా అన్నది. బేరింగులో బాల్స్ దొర్లుతాయి. షూలు మాత్రం ఒరుసుకొంటాయి. ఆ ఒత్తిడికి నిలవడానికి ఈపీ అనే అధిక పీడన కలపడాలు ఉన్న గ్రీజు మేలు. చిక్కదనం, డబ్బా మీద రాసే ఎన్‌ఎల్‌జీఐ అనే కొలమానంలో, 2 అయితే సరిపోతుంది. దాదాపు అన్ని చక్రాల గ్రీజులూ ఇదే చిక్కదనంలో వస్తాయి. ఇంతకన్నా గట్టిదైతే చలికాలం పొద్దున క్లచ్ కోను జరగడానికి తటపటాయిస్తుంది, పెడలు ఒక క్షణం ఖాళీగా తిరుగుతుంది.

మూడోది నీరు. కోస్టర్ హబ్బుకు దుమ్ము మూతలే తప్ప సరైన రబ్బరు సీళ్లు సాధారణంగా ఉండవు. వానలో తడిస్తే, నీటి పైపుతో కడిగితే లోపలికి నీరు చేరుతుంది.

చివరిది, లోపల ఇప్పటికే ఉన్న గ్రీజుతో కొత్తది కలుస్తుందా అన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు. రెండు పొసగని గ్రీజులు కలిస్తే మజ్జిగ విరిగినట్టు నూనె వేరై కారిపోతుంది, మిగిలింది గడ్డకడుతుంది.

## గ్రీజులు, ఒక్కొక్కటిగా

| గ్రీజు రకం | కారడం మొదలయ్యే వేడి (సుమారు, డిగ్రీల సెల్సియస్) | నీటికి | షూల ఒరిపిడికి | నా అభిప్రాయం |
|---|---|---|---|---|
| పాతకాలపు కాల్షియం గ్రీజు | 100 | చాలా మంచిది | తక్కువ | హబ్బులో వద్దు |
| మామూలు లిథియం, సైకిలు గ్రీజు | 180–200 | ఫరవాలేదు | మధ్యస్థం | ఇంజను లేని సైకిలుకు చాలు |
| లిథియం కాంప్లెక్స్, కారు చక్రాల గ్రీజు | 250 పైన | మంచిది | మంచిది | ఎక్కువమందికి ఇదే |
| కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ | 300 పైన | చాలా మంచిది | చాలా మంచిది | గుట్టలు, వానలు ఉన్నచోట |
| మోలీ కలిపిన నల్ల గ్రీజు | మూల గ్రీజును బట్టి | మూల గ్రీజును బట్టి | చాలా మంచిది | జాగ్రత్తగా వాడాలి |
| బెంటోనైట్ మట్టి గ్రీజు | కారదు | మంచిది | మధ్యస్థం | హబ్బు పూర్తిగా కడిగితేనే |

కాల్షియం గ్రీజు గురించి ఒక్క మాట చాలు. మన ఊళ్ల సైకిలు షాపుల్లో ఓవరాయిలింగు చేసేటప్పుడు రేకు డబ్బాలోంచి వేలితో తీసి రాసే పసుపు గ్రీజులు చాలావరకు ఈ కోవవే. ముందు చక్రానికి, హ్యాండిలు బేరింగులకు అవి మంచివే. నీటికి చెక్కుచెదరవు. వేడికి మాత్రం వెన్నలా కరుగుతాయి గనక కోస్టర్ బ్రేకులో వాటికి చోటు లేదు.

మామూలు లిథియం గ్రీజు నా హబ్బులో మాడిపోయినది. అది చెడ్డ గ్రీజు కాదు. ఊరు బల్లపరుపుగా ఉండి, ముందు చక్రానికి మంచి బ్రేకు ఉండి, 25 కిలోమీటర్ల వేగం దాటనివారికి సరిపోవచ్చు కూడా. అయితే దాదాపు అదే ధరకు లిథియం కాంప్లెక్స్ దొరుకుతున్నప్పుడు దాన్నే వాడడానికి నాకు కారణం కనిపించదు.

లిథియం కాంప్లెక్స్ గ్రీజు ఏ ఆటో పార్ట్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది. డిస్కు బ్రేకు ఉన్న కారు చక్రపు బేరింగుల కోసం తయారుచేసినది గనక పక్కనే బ్రేకు కాగుతున్నా తట్టుకొనే గుణం దీనికి పుట్టుకతో ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద జీసీ-ఎల్‌బీ అనే గుర్తు ఉందేమో చూడండి. జీసీ అంటే చక్రాల బేరింగులకు, ఎల్‌బీ అంటే ఛాసిస్ కీళ్లకు పై శ్రేణి పరీక్షల్లో నెగ్గినదని అర్థం. రంగు చూసి కొనవద్దు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నవి తయారీదారు కలిపే రంగులే తప్ప గుణానికి గుర్తులు కావు.

కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ గ్రీజును నేను ఇప్పుడు వాడుతున్నాను. ఇందులో చిక్కబరిచే పదార్థమే తుప్పును ఆపుతుంది, ఒత్తిడినీ తట్టుకొంటుంది. పడవల ట్రెయిలరు చక్రాలకు దీన్ని వాడేది అందుకే. ధర ఎక్కువ. ఒక్కో హబ్బుకు పట్టేది రెండు మూడు చెంచాలే గనక ఆ తేడా జేబుకు పెద్దగా తెలియదు. చలికి కొన్ని రకాలు బాగా బిగుసుకొంటాయి. మిన్నెసోటాలాంటి చోట ఉన్నవారు తయారీదారు చెప్పిన కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి కొనాలి.

మోలీ, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన గ్రీజు మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నూనె మాడిపోయినా ఆ నల్లటి పొడి లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది గనక షూలు హబ్బు గోడను కొరకవు. ఇది నిజమైన మేలు. అదే గుణం వల్ల ఒరిపిడి తగ్గుతుంది, బ్రేకు పడడానికి కాలు ఇంకాస్త గట్టిగా తొక్కవలసి వస్తుంది. నేను వాడినప్పుడు ఈ తేడా కాలికి స్పష్టంగా తెలిసింది. చక్రం పట్టేయడం మీ సమస్య అయితే మోలీ ఆలోచించదగినదే. బ్రేకు ఇప్పటికే మెత్తగా పడుతోందని బాధపడేవారు దాని జోలికి పోవద్దు.

బెంటోనైట్ మట్టితో చేసిన గ్రీజు కారదన్న మాట నిజమే గాని, అందులోని నూనె మాత్రం మిగతావాటిలాగే మాడుతుంది. పైగా మిగతా గ్రీజుల్లో దాదాపు దేనితోనూ పొసగదు. కారదు అన్న ఒక్క మాట చూసి కొనవలసినది కాదు.

అసలు వాడకూడనివి కొన్ని ఉన్నాయి. సన్నటి గొట్టంతో చిమ్మే తెల్ల లిథియం స్ప్రే తలుపు బందులకు బాగుంటుంది, ఇక్కడ నిలవదు. కారు బ్రేకు క్యాలిపరు పిన్నులకు రాసే సిలికోన్ గ్రీజు మీద బ్రేకు గ్రీజు అని రాసి ఉంటుంది గనక చాలామంది మోసపోతారు. ఉక్కును ఉక్కు ఒరుసుకొనే చోట సిలికోన్ సరిగా పనిచేయదు. రాగి పొడి కలిపిన యాంటీ సీజ్ పేస్టు మరలు పట్టేయకుండా రాసేది, బేరింగులకు కాదు.

## పాత హబ్బు ఉన్నవారికి

బెండిక్స్, న్యూ డిపార్చర్, మారో లాంటి పాత అమెరికన్ హబ్బులంటే ఇష్టపడేవారు ఉన్నారు. దృఢత్వంలో వాటికి పేరుంది. న్యూ డిపార్చర్ మోడల్ డీ లోపల షూలు ఉండవు; పలుచటి లోహపు బిళ్లలు దొంతరగా ఉంటాయి. ఆ బిళ్లల మధ్య చిక్కటి గ్రీజు నింపితే అవి ఒకదానికొకటి అంటుకొని విడివడడానికి మొరాయిస్తాయి, అందుకే వాటికి నూనె, బేరింగులకు మాత్రం గ్రీజు అన్న పద్ధతి మేలు. ఈ పాత హబ్బుల విడి భాగాలు చాలావరకు కొత్తగా తయారుకావు. పాతవి వెతికి కొనవలసిందే. రోజూ పనికి వెళ్లే సైకిలుకు అలాంటి హబ్బు పెట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

## నింపే పని, ఒకసారి చేతులారా

ముందు ఇంజను చైను తీసేయండి. ఇంజను క్లచ్ మీట నొక్కి ఉంచినా ఆ చైను చక్రాన్ని ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది గనక, అది ఉండగా బేరింగు బిగువు చేతికి తెలియదు. తరవాత ఇనుప చెయ్యిని పట్టి ఉంచిన పట్టీ బోల్టు, ఇరుసు నట్లు విప్పి చక్రం బయటికి తీయాలి. కిట్టుతో వచ్చే ఇంజను పళ్లచక్రం ఊచలకు రబ్బరు బిళ్లల మధ్య తొమ్మిది బోల్టులతో బిగించినదైతే, దాని మధ్య రంధ్రం బ్రేకు కోను బయటికి వచ్చేటంత పెద్దదిగా ఉందో లేదో చూసుకోండి. ఉంటే దాన్ని కదిలించనక్కర్లేదు. లేకపోతే హబ్బు విప్పిన ప్రతిసారీ ఆ తొమ్మిది బోల్టులూ విప్పి, పళ్లచక్రం వంకర లేకుండా మళ్లీ కూర్చోబెట్టుకోవాలి. ఆ పనికే ఒక పూట పడుతుంది. హబ్బు చుట్టూ పట్టుకొనే అల్యూమినియం అడాప్టరు ఉన్నవారికి ఈ బాధ తక్కువ, కాని హబ్బు చుట్టుకొలత కొలిచి సరిపోయే అడాప్టరే కొనాలి.

భాగాలు తీసేకొద్దీ తీసిన వరసలోనే ఒక పాత తువాలు మీద పేర్చండి, ఒక్కో అడుగుకు ఫోటో తీసుకోండి. బాల్స్ ఉన్న రింగులు ఎటు ముఖంగా ఉన్నాయో తప్పకుండా గుర్తుంచుకోవాలి. తలకిందులుగా వేస్తే చక్రం బిగుసుకొంటుంది లేదా కొద్ది రోజులకే రింగు నలిగి ముక్కలవుతుంది. అన్నిటినీ కిరసనాయిలులోగాని మినరల్ స్పిరిట్స్‌లోగాని కడిగి, ఆరనిచ్చి, వెలుతురులో చూడండి. బాల్స్ అద్దంలా మెరవాలి. కోను మీద బాల్ తిరిగే దారిలో వేలిగోరు నడిపితే ఎక్కడా తట్టకూడదు. తట్టిందంటే గుంట పడినట్టే, ఆ కోను మార్చాలి. షూల మీది గాడులు అరిగి నున్నగా అయిపోయినా, హబ్బు లోపలి గోడ నీలం రంగు తిరిగినా అది విపరీతంగా కాగిందన్న మాట. నీలం తిరిగిన హబ్బులో కొత్త గ్రీజు నింపి వాడడం కన్నా చక్రం మార్చుకోవడమే మంచిది.

నింపేటప్పుడు ఒక్కోచోట ఒక్కో పాళ్లు. బేరింగు రింగుల్లో బాల్స్ మధ్య సందులు పూర్తిగా నిండేదాకా అరచేతిలో గ్రీజు పెట్టుకొని రింగును దానిలోకి అదమాలి. షూల బయటి ముఖానికి, హబ్బు గోడకు దండిగా రాయాలి. డ్రైవరు మరకు, క్లచ్ కోనుకు, రిటార్డరు స్ప్రింగుకు మాత్రం పలుచటి పూత చాలు. అక్కడ మందంగా నింపితే కోను జరగడం ఆలస్యమవుతుంది. హబ్బు బోలునంతా నింపేస్తే వేడెక్కినప్పుడు ఆ మిగులు దుమ్ము మూతల్లోంచి బయటికి తోసుకొచ్చి ఇంజను పళ్లచక్రం రబ్బరు మీద పడుతుంది, ఊచల వెంట చిమ్ముతుంది.

కోను బిగించేటప్పుడు రిమ్ము దగ్గర వెంట్రుకవాసి ఆట ఉండేలా వదలండి. పూర్తిగా బిగిస్తే ఇంజను నడుస్తున్నప్పుడు పెడళ్లు వాటంతటవే ముందుకు తిరగబోతాయి. ఇంజనున్న సైకిలు మీద ఈ గుర్తు తెలుసుకోవడం తేలిక, ఎందుకంటే మన కాళ్లు పెడళ్ల మీద ఊరకే ఉంటాయి. అరికాలి కింద పెడలు మెల్లగా నెట్టుతున్నట్టు అనిపిస్తే కోను బిగువైనా ఎక్కువైంది, కుడివైపు బేరింగైనా పొడిబారింది.

ఇనుప చెయ్యి పట్టీ చివరిగా బిగించేది, అందుకే తొందరలో మరిచిపోయేదీ అదే. బ్రేకు వేసినప్పుడు తిరగబోయే బలమంతా ఆ పట్టీ మీదే పడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజను అదురుకు మామూలు నట్టు వదులవుతుంది. నైలాన్ రింగు ఉన్న లాకు నట్టు వాడండి. ఇంజను చైనుకు తగులుతోందని చెయ్యిని కాల్చి వంచేవారిని చూశాను. కాల్చిన ఇనుము బలం తగ్గుతుంది. వంచక తప్పకపోతే చల్లగానే, కొద్దిగానే వంచాలి; అంతకన్నా పళ్లచక్రాన్ని వాషర్లతో కొంచెం జరపడం నయం.

ఎన్నాళ్లకోసారి అంటే నా లెక్క ఇది. కొత్త సైకిలుకు ఇంజను బిగించేముందే ఒకసారి హబ్బు విప్పండి, ఎందుకంటే చౌక హబ్బుల్లో ఫ్యాక్టరీ గ్రీజు పేరుకే ఉంటుంది. తరవాత 300 మైళ్లకు ఒకసారి చూసి, గ్రీజు రంగు, వాసన బాగుంటే 1,000 మైళ్లకో ఏడాదికో ఏది ముందైతే అప్పుడు. కీచుమన్నా, మాడిన వాసన వచ్చినా, బ్రేకు పడేముందు పెడలు వెనక్కి పోయే దూరం పెరిగినా ఆ లెక్కలేవీ చూడకుండా వెంటనే విప్పాలి.

## గ్రీజు చాలనప్పుడు

ఏ గ్రీజు వేసినా కోస్టర్ బ్రేకు చల్లబడదు. వేడి పుట్టకుండా చేయగలిగింది ఇంకో బ్రేకు మాత్రమే. ముందు చక్రానికి బ్రేకు లేకుండా ఇంజను సైకిలు నడపవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. పైగా పెడలు చైను జారిపోయిన క్షణాన కోస్టర్ బ్రేకు ఉన్నా లేనట్టే. ఆ చైను ఊగు అర అంగుళానికి మించకుండా చూసుకోవడం కూడా బ్రేకు సంరక్షణలో భాగమే.

ఫోర్కుకు బొడిపెలు ఉంటే వీ-బ్రేకు (రిమ్మును రెండు పక్కలా రబ్బరుతో నొక్కేది) తక్కువ ఖర్చులో అయిపోతుంది. అల్యూమినియం రిమ్ము ఉండాలి, క్రోమియం పూత రిమ్ము మీద వానలో రబ్బరు పట్టదు. ఫోర్కుకు డిస్కు బిగించే చోటు ఉంటే డిస్కు ఇంకా మేలు. రెండూ లేని ఫోర్కుకు స్టర్మీ-ఆర్చర్ డ్రమ్ము హబ్బు చక్కటి పరిష్కారం. 70, 90 మిల్లీమీటర్ల డ్రమ్ములతో దొరుకుతుంది, వానకు చలించదు, సంరక్షణ దాదాపు లేదు. చక్రం మళ్లీ అల్లించుకోవాలి, బరువు ఎక్కువ. ఇంజను సైకిలుకు 90 మిల్లీమీటర్లదే తీసుకోవాలి.

ఇక వెనక కోస్టర్‌ను తీసేసి డిస్కు పెట్టుకోవచ్చు కదా అంటే, వెనక డిస్కు ఉండవలసిన ఎడమవైపునే ఇంజను పళ్లచక్రం ఆక్రమించి ఉంటుంది. రెండిటినీ ఒకేచోట బిగించే అడాప్టర్లు ఉన్నాయి గాని, క్రూయిజర్ చట్రానికి క్యాలిపరు (డిస్కును నొక్కే భాగం) బిగించే చోటు ఉండదు, వెల్డింగు చేయించాలి. ఇన్ని ఇబ్బందులు ఉన్నాయి గనకే కోస్టర్ హబ్బు ఈ సైకిళ్ల మీద ఇంకా నిలిచి ఉంది. మధ్యేమార్గంగా మందపాటి ఊచలతో అల్లిన కోస్టర్ చక్రాలు దొరుకుతాయి. మామూలు 14 గేజి ఊచ 2 మిల్లీమీటర్లు, 12 గేజిది 2.6 మిల్లీమీటర్లు. రబ్బరు బిళ్లల పళ్లచక్రం ఊచలనే లాగుతుంది గనక ఈ తేడా విలువైనదే, కాని మందపాటి ఊచలతో బ్రేకు వేడి తగ్గదు.

## ఎవరికి ఏది

హ్యూస్టన్, ఆర్లాండో లాంటి బల్లపరుపు ఊళ్లలో, దగ్గరి దుకాణానికి, స్నేహితుల ఇళ్లకు మాత్రమే వెళ్లేవారికి లిథియం కాంప్లెక్స్ గ్రీజు, ముందు వీ-బ్రేకు చాలు. అక్కడ వానలు ఎక్కువ గనక ఏడాదికోసారి విప్పే పనిని వాయిదా వేయవద్దు.

సియాటెల్, శాన్‌ఫ్రాన్సిస్కో, పిట్స్‌బర్గ్ లాంటి గుట్టల ఊళ్లలో ఉన్నవారికి నా సలహా వేరు. కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు, ముందు డిస్కు లేదా పెద్ద డ్రమ్ము, దిగుడులో ముందు బ్రేకు మీదే ఎక్కువ భారం వేసి వెనకది అప్పుడప్పుడు తొక్కడం. ఇంత చేసినా రోజూ పొడవాటి దిగుడు ఉంటే కోస్టర్ హబ్బు ఆ దారికి తగినది కాదు. వెల్డింగు ఖర్చు పెట్టుకొని వెనక డిస్కుకు మారండి.

షికాగో, మినియాపొలిస్ వారు చలికి తట్టుకొనే సింథటిక్ నూనెతో చేసిన లిథియం కాంప్లెక్స్ చూసుకోవాలి. వారికి గ్రీజు మాడడం కన్నా గట్టిపడడమే ఎక్కువ సమస్య. మొదటి మైలులో పెడలు జారితే కంగారు పడనక్కర్లేదు. హబ్బు కొంచెం వేడెక్కాక కూడా జారుతుంటే మాత్రం విప్పి చూడాలి.

అపార్టుమెంటులో ఉంటూ, పానాలు లేక, చేతులకు గ్రీజు అంటించుకొనే ఓపిక లేనివారు కూడా ఉంటారు. చాలా సైకిలు దుకాణాలు ఇంజను ఉన్న సైకిలును ముట్టుకోవు; వెనక చక్రం ఒక్కటే విప్పి పట్టుకెళ్తే కోస్టర్ హబ్బు సర్వీసుకు ఒప్పుకోవచ్చు. గ్రీజు మీరే కొని ఇచ్చి, పాతది పూర్తిగా కడిగి ఇదే నింపమని అడగండి.

మీరే నింపినా, దుకాణంలో నింపించినా మొదటి రోజు ఒక పని చేయండి. ఖాళీ వీధిలో ఇంజను ఆపి, కాళ్లతో తొక్కుతూ మెల్లగా పదిసార్లు బ్రేకు వేయండి. షూల మీద గ్రీజు సర్దుకొంటుంది, మొదట్లో ఉండే మెత్తదనం తగ్గుతుంది. తరవాత ఇంజనుతో ఓ మైలు వెళ్లి, రెండు మూడుసార్లు ఆగి, దిగి, చేతి వెనకభాగాన్ని హబ్బుకు దగ్గరగా పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. బ్రేకు వేయకుండా వచ్చినా కాలుతోందంటే కోను బిగువుగా ఉంది. ఇంటికి నడిపించుకెళ్లి కోనును పావు చుట్టు వదులు చేయండి. పట్టీ నట్టు మీద మార్కరుతో ఒక గీత గీసి పెట్టుకొంటే, వారం తరవాత అది కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.